వదులైన కప్లరుకు కొత్త సీటు ఎందుకు కొనాలి?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కార్యదర్శి గారికి,
కృషి భవన్, న్యూఢిల్లీ.



మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటే వరంగల్ నుంచి, కారు సీట్లను వెచ్చబరిచే తీగల గురించి బహిరంగ లేఖ రావడం మీ శాఖకు వింతగా తోచవచ్చు. ఇక్కడ కారెక్కిన మనిషి చెయ్యి ముందు పోయేది ఏసీ మీట మీదికే. అయినా ఈ ఊరి మెకానిక్ షెడ్లకు, ఈ ఊరి కారు యజమానులకు ఆ తీగలతో పని పడింది. ఇక ముందు ఇంకా పడుతుంది.

2019 ఆగస్టులో కియా సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. అది తయారయ్యేది మన తెలుగు నేల మీదే, అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలో. పై వేరియంట్లలో ముందు సీట్లకు గాలి ఆడించే ఫ్యాన్లు పెట్టారు. 2023 మార్చిలో వచ్చిన హ్యుందాయ్ కొత్త వెర్నా మరో అడుగు ముందుకేసి, పై వేరియంట్లలో ముందు సీట్లకు చల్లగాలి, వెచ్చదనం రెండూ ఇచ్చింది. 1966లో అమెరికాలో క్యాడిలాక్ కారుకు అదనపు సొమ్ము కడితే దొరికిన వెచ్చటి సీటు సౌకర్యం, ఆ తర్వాత 1970ల తొలినాళ్లలో స్వీడన్ సాబ్ కార్లలోకి వచ్చిన సౌకర్యం, ఇవాళ బ్యాంకు లోను మీద హన్మకొండ మధ్యతరగతి ఇంటి ముందు ఆగి ఉంది. వెచ్చదనం మీట ఇక్కడ డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో, పొగమంచులో హైదరాబాద్ దారి పట్టినప్పుడు మాత్రమే నొక్కుతారు. చల్లగాలి మీట ఏడాదిలో ఎక్కువ నెలలు పనిచేస్తూనే ఉంటుంది. రెండింటి తీగలూ పోయేది సీటు కిందనుంచే, రెండూ చెడేదీ చాలావరకు అక్కడే. చెడినప్పుడు యజమానికి ఎదురయ్యే ప్రశ్న కూడా ఒకటే: చెడింది ఏది, మార్చమంటున్నది ఏది?

ఈ లేఖ ఆ రెండింటి మధ్య ఉన్న దూరం గురించి.

వేడి సీటు నిర్మాణంలో రహస్యమేమీ లేదు. తోలు కవరు కింద, స్పాంజి మీద ఒక పలచటి పరుపులాంటి ప్యాడ్ ఉంటుంది. అందులో మెలికలు తిరిగిన సన్నటి లోహపు తీగో, కార్బన్ నారో ఉంటుంది. ఇస్త్రీ పెట్టెలో కాయిల్ వేడెక్కినట్టే ఇదీ వేడెక్కుతుంది. 12 వోల్టుల బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు ఫ్యూజు, రిలే, స్విచ్ లేదా మాడ్యూల్ దాటి, సీటు కింద తీగల కొసలను కలిపే కప్లర్ గుండా ప్యాడ్‌లోకి వెళ్లి ఎర్త్‌లో కలుస్తుంది. ప్యాడ్‌కు మూడు ఓమ్‌ల నిరోధం ఉందనుకుంటే నాలుగు ఆంపియర్లు పారతాయి, దాదాపు 48 వాట్ల వేడి పుడుతుంది. ఎంత వేడెక్కిందో చెప్పడానికి ప్యాడ్‌లోనే బియ్యపు గింజంత థర్మిస్టర్ ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది, అది చూసి మాడ్యూల్ కరెంటును ఆపుతుంది, మళ్లీ వదులుతుంది.

గాలి సీటులో ఈ తీగ బదులు చిన్న ఫ్యాన్ ఉంటుంది. అది చల్లదనాన్ని తయారు చేయదు. కారులో ఉన్న గాలినే సీటు కవరు చిల్లుల గుండా కదిలిస్తుంది. ఎండలో నిలబెట్టిన కారులో ఏసీ వేయకుండా సీటు మీట నొక్కి, చల్లగా రావడం లేదని షెడ్డుకు తెచ్చేవాళ్లు ఉన్నారు. అక్కడ చెడిందేమీ లేదు. ఈ ఒక్క మాట కొన్న రోజునే షోరూములో చెబితే ఎన్నో పనిదినాలు మిగులుతాయి.

ఇక నిజంగా చెడిన సీటు. తప్పు వెతకడానికి ఒక వరస ఉంది, ఆ వరసలోనే డబ్బు ఆదా అంతా ఉంది. ముందు చూడాల్సింది ఖర్చు లేనివి. ఇంజిన్ నడుస్తోందా? చాలా కార్లలో ఇంజిన్ ఆగి ఉంటే సీటు వేడి పనిచేయదు. బ్యాటరీ బలహీనంగా ఉంటే కొన్ని కార్లు ముందుగా ఆపేసేది సీటు వేడినే. పక్క సీటులో మనిషి ఉన్నట్టు కింది సెన్సరు గుర్తించకపోతే కొన్ని మోడళ్లలో ఆ సీటు వేడెక్కదు. ఇవన్నీ సరిగ్గా ఉంటే ఫ్యూజు. కొత్త ఫ్యూజు వేసిన వెంటనే మళ్లీ పోతే ఎక్కడో షార్ట్ ఉందని అర్థం. అప్పుడు పెద్ద ఫ్యూజు వేయడం మాత్రం ఎవరూ చేయకూడదు. ఫ్యూజు నిలిచి తీగ కాలుతుంది, ఆ తీగ మీద స్పాంజి ఉంది, దాని మీద మనిషి ఉన్నాడు.

రెండు సీట్లూ ఒకేసారి ఆగిపోతే అనుమానం ఉమ్మడి ఫ్యూజు మీద, రిలే మీద, మాడ్యూల్ మీద పడాలి. ఒక్క సీటే ఆగితే ఆ సీటు కప్లర్ మీద, ప్యాడ్ మీద, స్విచ్ మీద. వీపు వెచ్చగా ఉండి కూర్చునే చోటు చల్లగా ఉంటే కింది ప్యాడ్‌లో తీగ తెగి ఉండొచ్చు. మోకాలు మోపి వెనక సీటులోకి సామాను అందించేవాళ్ల కార్లలో తీగ ఆ మోకాలి కిందే తెగుతుంది, ఎందుకంటే కూర్చున్నప్పుడు పరుచుకునే బరువంతా అప్పుడు ఒక్కచోటే పడుతుంది. కొద్దిసేపు వేడెక్కి దానంతటదే ఆగిపోయే సీటుకు థర్మిస్టర్ తప్పుడు లెక్క చెబుతుండవచ్చు. సీటును ముందుకు జరిపితే పనిచేసి, వెనక్కి జరిపితే ఆగిపోతే? ఇంకేమీ చూడక్కర్లేదు, తీగో కప్లరో సీటు పట్టాల మధ్య నలుగుతోంది.

కరెంటు తీసేసి, కప్లర్ విప్పి, మల్టీమీటరును ఓమ్‌ల మీద పెట్టి ప్యాడ్ రెండు కొసలకు ఆనిస్తే జవాబు అక్కడికక్కడే వస్తుంది. కొద్ది ఓమ్‌లు చూపితే ప్యాడ్ బాగుంది. ఏమీ చూపకపోతే తీగ తెగింది. అనుభవమున్న ఆటో ఎలక్ట్రీషియన్‌కు ఇది నిమిషాల పని.

అయితే ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దాన్ని గట్టిగా చెప్పాలి. సీటు కింద వేడి తీగలతో పాటు పసుపు రంగు కప్లర్లు కూడా ఉంటాయి. అవి పక్క ఎయిర్‌బ్యాగులకు, కొన్ని కార్లలో సీటు బెల్టును బిగించే పేలుడు యంత్రానికి పోయేవి. వాటి మీద మల్టీమీటరు సూది పెట్టకూడదు, టెస్ట్ ల్యాంప్ అసలే పెట్టకూడదు. సీటు విప్పే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసి, కంపెనీ పుస్తకం చెప్పినన్ని నిమిషాలు ఆగాలి. ఎన్ని నిమిషాలు అనేది ఒక్కో కారుకు ఒక్కోలా ఉంటుంది. ఆ అంకె మెకానిక్ చేతికి అందదు. ఎందుకంటే అది ఉండే సర్వీసు మాన్యువల్ బయటివాళ్లకు దొరకదు.

కార్యదర్శి గారూ, ఈ లేఖ మొత్తంలో మీ శాఖ మొదట పట్టించుకోవాల్సింది ఇదే. బయటి మెకానిక్‌కు సమాచారం ఇస్తే వాహన భద్రతకు ముప్పు అని కంపెనీలు వాదిస్తూ వచ్చాయి. ఎయిర్‌బ్యాగు తీగ ఏదో, వేడి తీగ ఏదో చెప్పే ఒక్క పటం లేక ఊహ మీద సీటు విప్పుతున్న కుర్రాడిని చూస్తే భద్రత ఎటువైపు ఉందో తెలుస్తుంది. కారు ఎలాగూ అతని దగ్గరికే వస్తుంది. వారంటీ అయిపోయాక, హైదరాబాద్ నుంచి సెకండ్ హ్యాండులో వరంగల్ చేరాక, ఆ సీటును బాగుచేసేది ఆటోనగర్ షెడ్డే.

వరంగల్‌లో ఈ సీట్లకు మరికొన్ని కష్టాలు ఉన్నాయి. వాటిలో పెద్దది నీళ్లు. 2020 ఆగస్టులో నగరంలోని కాలనీలు మునిగాయి. 2023 జులై చివర్లో పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసి రాష్ట్ర రికార్డయింది. అదే వానకు హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్ వంటి చోట్ల ఇళ్లలోకి, వాహనాల్లోకి నీళ్లొచ్చాయి. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను మళ్లీ ముంచింది. కారులోకి నీళ్లు వస్తే ముందు తడిసేది నేల మీది చాప, ఆ తర్వాత సీటు కింది కప్లర్లు, కొన్ని మోడళ్లలో అక్కడే బిగించిన మాడ్యూల్. ఎండబెట్టాక కారు స్టార్టవుతుంది, లైట్లు వెలుగుతాయి, యజమాని ఊపిరి పీల్చుకుంటాడు. తడిసిన కప్లర్ లోపల మాత్రం పచ్చటి తుప్పు మెల్లగా పెరుగుతుంది. ఏ మూడు నెలలకో సీటు ఆగిపోతుంది, లేదా ఎయిర్‌బ్యాగు లైటు వెలిగి ఇక ఆరదు. వరదకూ ఈ తప్పుకూ ఉన్న సంబంధం ఎవరికీ తట్టదు.

రెండోది ఎలుకలు. రోజుల తరబడి కదలని కారు వాటికి ఇల్లవుతుంది, తీగల తొడుగును అవి కొరుకుతాయి. మూడోది సీటు కవర్లు. కొత్త కారు షోరూము నుంచి ఇంటికి రాకముందే రెగ్జిన్ కవర్ల కొట్టు దగ్గర ఆగడం మన దగ్గర ఆనవాయితీ. మందపాటి కవరు వేస్తే గాలి సీటు చిల్లులు మూసుకుపోతాయి, ఫ్యాన్ ఊరికే తిరుగుతుంది. వేడి సీటు మీద అదే కవరు వేడిని బయటికి పోనివ్వదు. సీటు పక్కన ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లలో గట్టిగా కుట్టిన కవరు అది తెరుచుకునే దారికే అడ్డం పడుతుంది. కవరు కుట్టే పనివాడికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. అతన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

ఇన్ని రకాలుగా చెడే వస్తువుకు దొరికే వైద్యం మాత్రం చాలాచోట్ల ఒకటే: మొత్తం మార్చడం. కొన్ని మోడళ్లలో వేడి ప్యాడ్ విడిగా దొరకదు. కవరుతోనో స్పాంజితోనో కలిపి ఒక్క పార్టు నంబరు మీద అమ్ముతారు. తెగింది వెంట్రుకంత తీగ, బిల్లు పడేది సగం సీటుకు. కప్లర్ పిన్ను వంగితే కప్లర్ ఒక్కటే అమ్మరు, తీగల కట్ట (హార్నెస్) మొత్తం కొనమంటారు. పాత పద్ధతి మనుషులు తీగను టంకం వేసి అతికిస్తారు. అక్కడ ప్యాడ్‌లో వేడి ఒకే బిందువు మీద పేరుకునే ప్రమాదం ఉంది, అది సరైన పని కాదని వాళ్లకూ తెలుసు. సరైన ప్యాడ్ విడిగా అందుబాటు ధరకు దొరికితే ఎవరూ టంకం జోలికి పోరు.

మరో అడ్డంకి కంప్యూటరుది. కాలుష్య నిబంధనల ప్రకారం ఇంజిన్ పొగకు సంబంధించిన తప్పులను కారే గుర్తుపెట్టుకుని కోడ్ రూపంలో చూపాలి. అందుకే చవక స్కానర్లు కూడా ఇంజిన్ కోడ్లను చదవగలుగుతున్నాయి. సీటుకు పొగతో పనేమిటి? దాని తప్పులు వేరే మాడ్యూల్‌లో, కంపెనీ సొంత భాషలో ఉంటాయి. షెడ్డు వాళ్లు అప్పు చేసి కొన్న స్కానర్ పెడితే ఇంజిన్ బాగుందని చూపుతుంది, సీటు గురించి నోరు విప్పదు. పైగా కొత్త కార్లలో మాడ్యూల్ ముందే ప్యాడ్ నిరోధాన్ని పరీక్షిస్తుంది, తేడా కనిపిస్తే అసలు కరెంటే పంపదు. టెస్ట్ ల్యాంప్ వెలగలేదు కాబట్టి వైరు తెగిందని పాత అనుభవంతో తేల్చిన మెకానిక్ ఇక్కడ బోల్తా పడతాడు. అతని నైపుణ్యం తగ్గలేదు, తెలియాల్సిన సంగతికి తాళం పడింది.

ఆ తాళం తీయాలని ఈ దేశంలో ఒక సంస్థ ఎప్పుడో చెప్పింది. 2011లో ఒక వినియోగదారుడు చేసిన ఫిర్యాదు మీద విచారణ జరిపి, 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలను, సాంకేతిక మాన్యువళ్లను, తప్పులు కనిపెట్టే పరికరాలను బయటి మెకానిక్‌లకు అందకుండా చేసి పోటీని దెబ్బతీశారన్నది అందులో తేలిన తప్పు. వాటిని అందుబాటులోకి తేవాలని కమిషన్ ఆదేశించింది. తర్వాత అప్పీళ్లు, స్టేలు నడిచాయి. ఆ ఉత్తర్వు వచ్చిన ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు హైస్కూలుకు చేరారు. వరంగల్ షెడ్డుకు మాత్రం సీటు వైరింగ్ పటం చేరలేదు.

మీ శాఖ కూడా మంచి అడుగే వేసింది. 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలతో పాటు వాహనాలనూ అందులో చేర్చింది. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం రోజున, ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ ప్రారంభమైంది. కార్ల కంపెనీలకూ అందులో చోటిచ్చారు. కానీ షెడ్డులో నిలబడి చూసేవాడికి కావాల్సింది కస్టమర్ కేర్ నంబరు, వారంటీ షరతులు కావు. ఫలానా మోడల్, ఫలానా ఏడాది, కుడి ముందు సీటు, కప్లర్‌లో మూడో పిన్నులోకి ఏ రంగు తీగ వస్తుంది, ప్యాడ్ నిరోధం ఎంతుండాలి, థర్మిస్టర్ గది వేడిమి దగ్గర ఎంత చూపాలి. ఒక్క పేజీలో పట్టే సమాచారమిది. 2025లో మరమ్మతు సౌలభ్య సూచిక మీద మీ కమిటీ ఇచ్చిన నివేదిక మొదటి విడతలో స్మార్ట్‌ఫోన్లను, టాబ్లెట్లను తీసుకుంది. ఫోను కంటే ఎన్నో రెట్లు ఖరీదైన కారును, అందులోనూ ఇంటిల్లిపాదీ ప్రాణాలు మోసే వాహనాన్ని, తర్వాతి విడతకైనా తీసుకోవాలి.

ఇది అసాధ్యమైన కోరిక కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లో ప్రజల ఓటుతోనే ఈ హక్కును గెలిచింది, ఓటేసినవాళ్లలో 80 శాతానికి పైగా దానికి అనుకూలం. ఇప్పుడు ఆ దేశమంతటా బయటి షెడ్లు కూడా రుసుము కట్టి కంపెనీ మాన్యువల్ చూడగలవు. మిన్నసోటాలోనో మిషిగన్‌లోనో మంచులో ఉద్యోగానికి వెళ్లే వరంగల్ అబ్బాయి తన కారు సీటు ఆగిపోతే కొద్ది డాలర్లు కట్టి పటం చూసుకుంటాడు, ప్యాడ్ తెప్పించుకుంటాడు. హన్మకొండలో అతని తండ్రి కారుకు ఆ దారి లేదు.

ఆ తండ్రి గురించే ఇంకో మాట. మనవళ్లను చూడడానికి చలికాలంలో అమెరికా వెళ్లే పెద్దవాళ్లలో చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు చాలామంది. ఏళ్ల తరబడి చక్కెర ఉన్నవాళ్లకు నరాలు మొద్దుబారి వేడి తెలియకపోవచ్చు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు నడుము కింద అసలే తెలియకపోవచ్చు. చర్మానికి 44 డిగ్రీల వేడి గంటల తరబడి ఆనితే కాలుతుందని, వేడి పెరిగేకొద్దీ ఆ సమయం గంటల నుంచి నిమిషాలకు పడిపోతుందని 1947 నాటికే హార్వర్డ్ పరిశోధకులు తేల్చారు. 2011లో అమెరికాలో కాలిన గాయాల వైద్యులు, భద్రతా నిపుణులు కలిసి అక్కడి రహదారి భద్రతా సంస్థకు దీని మీదే లేఖ రాశారు. సీటు వేడికి గరిష్ఠ హద్దు పెట్టాలని, కొంతసేపటికి దానంతటదే ఆగాలని అడిగారు. చెడిన థర్మిస్టర్ ఉన్న సీటు ఇలాంటి మనిషి కింద ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. సీటు ఆగిపోతే అసౌకర్యం, ఆగకపోతే గాయం. అందుకే సీటు ‘కొంచెం ఎక్కువ వేడెక్కుతోంది’ అని ఎవరైనా అంటే ఆ మీట ఆపేసి, బాగయ్యేదాకా ఫ్యూజు తీసి పక్కన పెట్టడమే సరైన పని. ఆ వేడి సీట్లే ఇప్పుడు మన దగ్గరా అమ్ముడుపోతున్నాయి. హద్దు ఎంత, ఎంతసేపటికి ఆగుతుంది అనేవి తెలుగులో, కొనేటప్పుడే కాగితం మీద ఉండాలని మీ శాఖ ఆదేశించగలదు.

ఈ పటాలను చదవడంలో మెకానిక్‌లకు శిక్షణ ఇవ్వడం మీ శాఖ పని కాదు, నిజమే. తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలుపెట్టింది. 1959లో దేశంలోనే తొలి రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైన నిట్ ఇక్కడే ఉంది. కుర్రాళ్లు ఉన్నారు, బల్లలు ఉన్నాయి, మీటర్లు ఉన్నాయి. పాఠం చెప్పడానికి నిజమైన కారు తాలూకు నిజమైన వైరింగ్ పటం కావాలి. అది ఇప్పించగల అధికారం మీ దగ్గరుంది.

అందుకని ఈ ఊరి తరఫున అడుగుతున్నది ఇంతే. దేశంలో అమ్మే ప్రతి కారుకూ సీటు, ఎయిర్‌బ్యాగు వైరింగ్ పటాలను, పరీక్ష విలువలను, బ్యాటరీ తీశాక ఎంతసేపు ఆగాలన్న అంకెను మీ పోర్టల్‌లో పెట్టించండి. వేడి ప్యాడ్, ఫ్యాన్, థర్మిస్టర్, కప్లర్‌లను విడివిడి పార్టు నంబర్లతో అమ్మించండి. సీటు కోడ్లను చదివే సాఫ్ట్‌వేర్‌ను తగిన రుసుముకు బయటి షెడ్లకు ఇప్పించండి. అన్నీ ఒకేసారి కుదరకపోతే మొదటిదాన్ని వచ్చే జూన్ లోపు, మళ్లీ వానలు పడి హంటర్ రోడ్డు కార్లలోకి నీళ్లు చేరకముందు, చేయించండి.